తాతయ్య కలిపిన ముద్దకి మార్కులెన్ని? ఆక్యుపేషనల్ థెరపీ డాక్టరేట్ వెనక వందేళ్ళ కథ

పామర్రు నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చా. ఇయర్‌ఫోన్స్ లేక వీడియో చూడలేని వాళ్ళ కోసం, బస్సులో నిలబడి చదివేవాళ్ళ కోసం ఈ ఎపిసోడ్ మొత్తం ఇక్కడ మాటల్లో పెడుతున్నాం.

ఈసారి టాపిక్ మా ఇంట్లోనే పుట్టింది. పోయిన నెల మా బాబాయి ఇంట్లో చిన్న పంచాయితీ జరిగింది. బాబాయి కూతురు, అంటే మా చెల్లి, ఆక్యుపేషనల్ థెరపీ చదివింది. నాలుగున్నరేళ్ళు బీఓటీ, ఆ తర్వాత రెండేళ్ళు ఎంఓటీ. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. భోజనాలయ్యాక మెల్లగా చెప్పింది, "నాన్నా, డాక్టరేట్ చేద్దామనుకుంటున్నా" అని.

బాబాయి చేయి కడుక్కోవడం ఆపేశాడు. "ఇంకా చదువంటే ఎట్టాగమ్మా? ఆరున్నరేళ్ళు చదివావు. చాలదూ?" అన్నాడు. పిన్ని బాధ ఇంకోటి. "అది చేస్తే నిన్ను డాక్టర్ అంటారా, అనరా? ముందది చెప్పు." అప్పుడు బాబాయి నా వైపు తిరిగాడు. "ఒరేయ్, ఊళ్ళో వాళ్ళందరికీ ఫోన్లో పాఠాలు చెప్తావుగా. దీని సంగతేంటో నువ్వే చెప్పు."

నాకు తెలీదండి. నేను బీటెక్ చదివి, హైదరాబాద్‌లో నాలుగేళ్ళు కోడ్ రాసినవాణ్ణి. ఫిజియోథెరపీకీ దీనికీ తేడా అడిగితే నీళ్ళు నమిలేవాణ్ణి. అందుకే మూడు వారాలు కూర్చుని చదివా. చదివాక తెలిసిందేంటంటే, మా చెల్లి ప్రశ్నకి జవాబు మా తాతయ్య పళ్ళెంలోనే ఉంది. అక్కణ్ణుంచే మొదలుపెడతా.

తాతయ్య, గోడ వైపు తిరిగిన పీట

2016లో మా తాతయ్యకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క. రోజూ ఇంటికొచ్చి ఒకాయన ఫిజియోథెరపీ చేయించాడు. నాలుగు నెలలకి తాతయ్య చేతికర్ర పట్టుకుని కాలవ గట్టు దాకా నడిచాడు. ఇంట్లో పండగే. అందరం "బాగైపోయాడు" అనుకున్నాం.

కానీ కుడి చేతి వేళ్ళు సరిగ్గా విచ్చుకోలేదు. నాన్నమ్మ అన్నం కలిపి ఇస్తే, ఎడం చేత్తో చెంచా పట్టుకుని తినేవాడు. మన వైపు ఎడం చేత్తో తినడం అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. పీట గోడ వైపు తిప్పుకుని, మాకు కనపడకుండా తినేవాడు. పెళ్ళికి తీసుకెళ్తే బంతిలో కూర్చునేవాడు కాదు. "ఆకలి లేదురా" అనేవాడు. ఆకలి లేకపోవడం కాదది. ఊరందరికీ వడ్డించిన మనిషి, నలుగురి ముందు ఎడం చేయి విస్తట్లో పెట్టలేకపోయాడు.

2019లో మా చెల్లి రెండో సంవత్సరం సెలవులకి ఇంటికొచ్చింది. మొదట సైకిల్ ట్యూబు ముక్క చుట్టి చెంచా పిడి లావు చేసింది, కుడి చేత్తో పట్టుకోవడానికి. తాతయ్య దాన్ని పక్కన పెట్టేశాడు. "నాకు చెంచా వద్దే అమ్మా. చేత్తో ముద్ద తినాలి" అన్నాడు.

సరే అని అది పద్ధతి మార్చింది. పళ్ళెం జారకుండా కింద తడిగుడ్డ వేసింది. అంచు ఎత్తుగా ఉన్న పళ్ళెం తెచ్చింది. పొడిపొడిగా రాలే అన్నంతో కాకుండా, చేతికి అంటుకునే మెత్తటి పెరుగన్నంతో మొదలుపెట్టించింది. ఆ తర్వాత ముద్దపప్పు. కుడి చేత్తో కలపాలి, ఎడం చేత్తో కుడి మణికట్టుకి ఆసరా ఇవ్వాలి, ముద్ద నోటి దాకా తేవాలి. సగం ఒళ్ళో పడేది. నాన్నమ్మ తిట్టుకుంటూ ఊడ్చేది. సెలవులు అయిపోయే లోపు తాతయ్య పీట గోడ వైపు నుంచి మా వైపు తిరిగింది. చేపల పులుసు రోజున ముళ్ళు మాత్రం నాన్నమ్మ తీసిపెట్టాలి, అంతే.

ఇప్పుడు అసలు విషయం. మా చెల్లి క్లాసు పని కోసం సెలవుల మొదటి రోజు ఒకసారి, చివరి రోజు ఒకసారి తాతయ్యకి ఒక ఫారం నింపింది. దాని పేరు బార్థెల్ ఇండెక్స్. రోజువారీ పనులు పది, మొత్తం 100 మార్కులు. తినడానికి గరిష్ఠంగా 10. అస్సలు తినలేకపోతే 0. తనంతట తాను తింటే 10. మధ్యలో సాయం కావాలంటే 5. సాయం అంటే ఏంటో కూడా ఉదాహరణ ఉంది. కోసి పెట్టడం, రొట్టెకి వెన్న రాసిపెట్టడం లాంటివి.

మొదటి రోజు నాన్నమ్మ కలిపి పెడుతోంది కాబట్టి 5. చివరి రోజు నాన్నమ్మ ముళ్ళు తీసిపెడుతోంది కాబట్టి 5.

గోడ వైపు తిరిగి ఎడం చేత్తో తిన్నా 5. మా మధ్య కూర్చుని కుడి చేత్తో ముద్ద కలుపుకున్నా 5. ఆ కాగితం లెక్కలో ఆ నెల రోజుల్లో మా ఇంట్లో ఏమీ జరగలేదు. తాతయ్యకి వెన్న సంగతి చెప్తే నవ్వాడు. "రొట్టెకి వెన్న రాయడం నాకు కాళ్ళూచేతులూ బాగున్నప్పుడూ రాదు" అన్నాడు. 2021లో ఆయన పోయారు.

మా చెల్లి మనసులో అప్పుడు పడిన ప్రశ్న ఇది. ఆ కాగితం ఎవరు రాశారు? మన పళ్ళేనికి సరిపోయే ఇంకో కాగితం రాయాలంటే ఏం చదవాలి? ఈ ప్రశ్న పట్టుకుని వందేళ్ళు వెనక్కి వెళ్దాం.

'ఆక్యుపేషన్' అంటే ఉద్యోగం కాదు

ముందు పేరు సంగతి. తెలుగులో దీన్ని వృత్తి చికిత్స అంటుంటారు. అది విన్నవాళ్ళు ఉద్యోగం ఇప్పించే చదువేమో అనుకుంటారు. ఇక్కడ ఆక్యుపేషన్ అంటే మనిషి రోజుని నింపే ఏ పనైనా. పళ్ళు తోముకోవడం, పంచె కట్టుకోవడం, ముగ్గెయ్యడం, బడిలో పెన్సిల్ పట్టుకోవడం, నాట్లు వేయడం, అన్నీ. నన్నడిగితే మన 'వ్యాపకం' అనే మాట దీనికి దగ్గరగా ఉంటుంది. "ఏదో ఒక వ్యాపకం ఉండాలిరా మనిషికి" అని పెద్దవాళ్ళు అంటారే, ఆ మాటలో ఈ శాస్త్రం సగం ఉంది.

ఫిజియోథెరపీతో తేడా టూకీగా చెప్తా. రెండూ కొంత కలిసే ఉంటాయి. ఫిజియో ఎక్కువగా కండరం బలం, కదలిక, నడక మీద పని చేస్తుంది. ఆక్యుపేషనల్ థెరపీ "ఆ చేత్తో నువ్వు ఏ పని చేయాలనుకుంటున్నావు?" అని అడిగి ఆ పని దగ్గర మొదలుపెడుతుంది. చేయి మారకపోతే పళ్ళెం మారుస్తుంది, పద్ధతి మారుస్తుంది, ఇల్లు మారుస్తుంది.

1917: ఒక ఇంట్లో ఆరుగురు

1917 మార్చి 15 నుంచి 17 దాకా, అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్ళో, కన్సొలేషన్ హౌస్ అనే ఇంట్లో ఆరుగురు కలిశారు. ఆ ఇల్లు జార్జ్ బార్టన్‌ది. ఆయన డాక్టర్ కాదు, ఆర్కిటెక్ట్. క్షయ వచ్చి, ఆ తర్వాత ఎడమ పక్క చచ్చుబడి, ఆ ఇంట్లో వడ్రంగం, తోటపని చేసుకుంటూ తనని తాను బాగుచేసుకున్న మనిషి. రోగి తనే, ప్రయోగమూ తనే.

మిగతా వాళ్ళని చూడండి. విలియం రష్ డంటన్, మానసిక వైద్యుడు. ఎలియనార్ క్లార్క్ స్లేగల్, సామాజిక సేవ వైపు నుంచి వచ్చినావిడ. సూసన్ కాక్స్ జాన్సన్, చేతిపనులు నేర్పే టీచర్. థామస్ కిడ్నర్, యుద్ధంలో దెబ్బతిన్న సైనికులకి పనులు నేర్పించే ఏర్పాట్లు చూసినాయన. ఇసబెల్ న్యూటన్, బార్టన్ సెక్రటరీ. ఆరుగురిలో వైద్యం చదివింది ఒక్కడే. వీళ్ళు పెట్టిన సంఘమే తర్వాత అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపీ అసోసియేషన్ అయింది.

దాదాపు మూడు వారాలకి, ఏప్రిల్ 6న, అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. చేతులు కాళ్ళు పోయినవాళ్ళు, భయంతో మాట పడిపోయినవాళ్ళు వేలల్లో వచ్చారు. వాళ్ళ కోసం ఆడవాళ్ళకి హడావుడిగా శిక్షణ ఇచ్చి ఆసుపత్రులకి పంపారు. నేత, బుట్టలల్లడం, చెక్కపని, ఇవే వాళ్ళ మందులు. మనకిది వింతగా అనిపించదు. పెడనలో కలంకారీ అద్దకం, కొండపల్లిలో బొమ్మల చెక్కడం చూసినవాడికి చేతిపనికీ మనసుకీ ఉన్న సంబంధం ఎవరూ చెప్పక్కర్లేదు.

చదువు ఎంత? 1923లో ఈ సంఘం కనీస ప్రమాణం పెట్టింది, 12 నెలల శిక్షణ. అంతే. ఒక్క ఏడాది. ఇవాళ మా చెల్లి ఆరున్నరేళ్ళు చదివింది, ఇంకా చాలదంటోంది. మధ్యలో ఏం జరిగింది?

ఇంకొకరి గదిలో కూర్చుని చేసిన పీహెచ్‌డీ

చేతిపనులతో మనిషి బాగుపడుతున్నాడు, సరే. ఎందుకు బాగుపడుతున్నాడు? ఎంత బాగుపడ్డాడు? ఈ రెండు ప్రశ్నలకి జవాబు చెప్పలేకపోతే డాక్టర్లు నవ్వుతారు, ఇన్సూరెన్స్ వాళ్ళు డబ్బులివ్వరు. జవాబు కావాలంటే పరిశోధన కావాలి. పరిశోధన కావాలంటే డాక్టరేట్ కావాలి. ఆక్యుపేషనల్ థెరపీలో అప్పటికి డాక్టరేట్ లేదు.

ఇక్కడే నాకు బాగా నచ్చిన మనిషి వస్తుంది. ఎ. జీన్ ఎయర్స్. కాలిఫోర్నియాలో వాల్‌నట్ తోటల రైతు కుటుంబంలో 1920లో పుట్టింది. ఆక్యుపేషనల్ థెరపిస్టుగా పిల్లలతో పని చేస్తుంటే ఒకటి గమనించింది. కొందరు పిల్లలకి చూపు బాగుంటుంది, వినికిడి బాగుంటుంది, తెలివి ఉంటుంది. కానీ అక్షరాలు రాయలేరు, కుర్చీలో కుదురుగా కూర్చోలేరు. కళ్ళు, చెవులు, చర్మం, కీళ్ళు పంపే సమాచారాన్ని మెదడు కలిపి వాడుకోవడంలో ఇబ్బంది ఉందేమో అని ఆమె అనుమానం.

అనుమానం చాలదు కదా. 1961లో ఆమె సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ తీసుకుంది. ఏ విభాగంలో? ఎడ్యుకేషనల్ సైకాలజీలో. తన ప్రశ్నని ఇంకొకరి గదిలో కూర్చుని వెతుక్కుంది. 1972లో సెన్సరీ ఇంటిగ్రేషన్ మీద పుస్తకం తెచ్చింది, పరీక్షలు తయారుచేసింది. ఆమె సిద్ధాంతం మీద వాదనలు ఇప్పటికీ నడుస్తున్నాయి, దాని ఫలితాలు ఎంత గట్టివని అడిగేవాళ్ళున్నారు. వాదించడానికి కూడా ఒక సిద్ధాంతం, ఒక కొలత ముందుండాలి. ఆమె అది ఇచ్చింది. ఇవాళ విజయవాడలో పిల్లల థెరపీ సెంటర్‌కి వెళ్తే ఉయ్యాల, పెద్ద బంతులు కనిపిస్తాయి కదా, ఆ ఆలోచన వెనక ఈవిడ ఉంది.

1989లో అదే విశ్వవిద్యాలయంలో ఆక్యుపేషనల్ సైన్స్ అనే సొంత పీహెచ్‌డీ మొదలైంది. అంటే ఈ రంగానికి సొంత గది వచ్చింది. పదేళ్ళకి, 1999లో, ఒమాహాలోని క్రైటన్ విశ్వవిద్యాలయం ఇంకో తలుపు తెరిచింది. థెరపిస్టుగా మొదటి అడుగే డాక్టరేట్‌తో వేసే కోర్సు. దాని పేరు ఓటీడీ.

పిన్ని అడిగిన ప్రశ్న మీద అమెరికాలో జరిగిన గొడవ

ఓటీడీ, పీహెచ్‌డీ ఒకటి కావు. ఇది జాగ్రత్తగా వినండి, మీ ఇంట్లో ఎవరైనా ఈ దారిలో ఉంటే పనికొస్తుంది.

థెరపిస్టు కావడానికి చేసే ఓటీడీ మామూలుగా మూడేళ్ళు. వైద్యశాలల్లో 24 వారాల శిక్షణ, పైన 14 వారాల క్యాప్‌స్టోన్, అంటే ఒక సొంత ప్రాజెక్టు. పనిలో నిపుణుణ్ణి చేయడం దాని ఉద్దేశం. పీహెచ్‌డీ పూర్తిగా పరిశోధన, ఒక ప్రశ్న పట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చోవడం. మన దగ్గర ఫార్మ్‌డీకీ, ఫార్మసీలో పీహెచ్‌డీకీ ఉన్న తేడా లాంటిదే ఇదీ.

ఇంకోటి. డిగ్రీ వేరు, లైసెన్స్ వేరు. అమెరికాలో మాస్టర్స్ చేసినా ఓటీడీ చేసినా రాయాల్సిన పరీక్ష ఒకటే, ఎన్‌బీసీఓటీ. మన దేశంలో చదివి వెళ్ళినవాళ్ళు ముందు ఆ సంస్థ దగ్గర అర్హత తేల్చుకోవాలి, పరీక్ష రాయాలి, ఆ తర్వాత రాష్ట్రం లైసెన్స్. ఇక్కడ చదివేసినవాళ్ళ కోసం ఉండే ఓటీడీ కోర్సు చేసినంత మాత్రాన ఆ లైసెన్స్ దానంతటది రాదు. మా చెల్లి విజయవాడలో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే అక్కడాయన ఈ ముక్క చెప్పలేదు. "డాక్టరేటంటే డాక్టరే కదమ్మా" అన్నాడట.

2017లో అక్కడి కోర్సులకి గుర్తింపునిచ్చే సంస్థ ఒక నిర్ణయం ప్రకటించింది. 2027 నుంచి థెరపిస్టు కావాలంటే డాక్టరేట్ తప్పనిసరి. పెద్ద దుమారం రేగింది. కావాలన్నవాళ్ళ వాదన, ఫార్మసిస్టులకీ ఫిజికల్ థెరపిస్టులకీ అక్కడ డాక్టరేట్ ఉంది, మనం ఎందుకు తగ్గాలి, పరిశోధన పెరగాలి కదా అని. వద్దన్నవాళ్ళ వాదన, ఫీజు పెరుగుతుంది, అప్పు పెరుగుతుంది, పేదింటి పిల్లలు ఈ చదువుకే రారు, ఇంతా చేసి పనిలో తేడా ఏంటి అని. 2019లో సంఘం మాస్టర్స్, డాక్టరేట్ రెండు దారులూ ఉండాలని తేల్చింది. 2027 నిబంధన వెనక్కి పోయింది.

ఇది చదువుతుంటే నాకు మా బాబాయి, పిన్ని గుర్తొచ్చారు. వాళ్ళిద్దరి వాదనే సముద్రం అవతల రెండేళ్ళు నడిచింది. మన దగ్గర కూడా 2025లో ఫిజియోథెరపిస్టులు పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చా అనే దాని మీద గొడవైంది. పేరు ముందు అక్షరాల మీద మోజు ఒక్క మన ఊరి జబ్బు కాదు.

బొంబాయి, వేలూరు, సికింద్రాబాద్

మరి మన దేశం? ఇక్కడ కథ ఒక అమెరికా అమ్మాయితో మొదలవుతుంది. ఎలిజబెత్ లండీ అని ఆమె పేరు. విష్ణు నింబ్కర్ అనే భారతీయుణ్ణి పెళ్ళి చేసుకుని, స్వాతంత్ర్యోద్యమం రోజుల్లో ఇక్కడికొచ్చి కమలా నింబ్కర్ అయింది. నడివయసులో మళ్ళీ ఫిలడెల్ఫియా వెళ్ళి ఆక్యుపేషనల్ థెరపీ చదువుకుని వచ్చింది. 1950లో, మనం గణతంత్రమైన ఏడాదే, బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో దేశంలో తొలి ఆక్యుపేషనల్ థెరపీ స్కూలు పెట్టింది. 1952లో అఖిల భారత సంఘం వచ్చింది. అదే ఏడాది పది దేశాలు కలిసి ప్రపంచ సమాఖ్య పెడితే, ఆ పదిలో భారత్ ఒకటి. మనం తర్వాత వెళ్ళి చేరినవాళ్ళం కాదు, మొదటి బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళం.

మన వైపు జనానికి తెలిసిన ఊరు వేలూరు. కాట్పాడి స్టేషన్లో దిగితే తెలుగు వినపడకుండా ఉండదు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి 1946లో పాల్ బ్రాండ్ అనే సర్జన్ వచ్చాడు. కుష్ఠు వల్ల వేళ్ళు ముడుచుకుపోయిన చేతులకి ఆపరేషన్లు మొదలుపెట్టాడు. పని చేస్తున్న కండరం తాడుని తీసి చచ్చుబడిన వేలికి కలిపేవాళ్ళు. కానీ ఆ తాడుకి కొత్త పని తెలీదు కదా. రోజూ సాధన చేయించి నేర్పాలి. ఇంకో చిక్కు కూడా వచ్చింది. చేతులు బాగయ్యాక వాళ్ళకి బిచ్చం పడట్లేదు, పని తెలీదు. అందుకని 1951లో అక్కడ నవజీవ నిలయం పెట్టి వడ్రంగం, బొమ్మల తయారీ నేర్పించారు. ఆపరేషన్ ఎంత బాగా జరిగినా, ఆ చేత్తో ఏం చేయాలి అన్న ప్రశ్న మిగిలే ఉంటుందని వేలూరు ముందే చూసింది.

అక్కడే మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మ ఉండేది. 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడింది. చక్రాల కుర్చీలోనే ఆపరేషన్లు చేసింది. న్యూయార్క్‌లో పునరావాస వైద్యం చదువుకుని వచ్చి, 1966లో వేలూరులో పునరావాస కేంద్రం నిలబెట్టింది.

ఇక మన తెలుగు నేల. సికింద్రాబాద్‌లో 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వచ్చింది. ఇప్పుడు దాన్ని ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. ఈ ఎపిసోడ్‌కి కావాల్సిన సాక్ష్యం అక్కడే దొరికింది. ఆటిజం ఉందో లేదో కొలిచే పరీక్షలు చాలాకాలం బయట దేశాలవే. పిల్లవాడు కళ్ళలోకి చూస్తాడా, ఎలా ఆడుకుంటాడు అనేవి ఇంటింటికీ, ఊరూరికీ మారే విషయాలు. సికింద్రాబాద్ సంస్థ మన పిల్లల కోసం 40 అంశాలతో ఒక కొలత తయారుచేసింది. 2009లో విడుదలైంది. పేరు ఐసా. ఇవాళ దేశంలో ఆటిజం సర్టిఫికెట్‌కి అదే కొలత. ఆ సర్టిఫికెట్ ఉంటేనే పింఛను, బస్సు పాసు, రిజర్వేషన్. చూశారా, కొలత మారితే ఒక తల్లి చేతికి కాగితం వస్తుంది.

మళ్ళీ ఆ 5 దగ్గరికి

ఇప్పుడు బార్థెల్ ఫారం దగ్గరికి రండి. దాన్ని 1965లో మేరీల్యాండ్‌లో ఫ్లోరెన్స్ మహోనీ, డొరొథియా బార్థెల్ అనే ఇద్దరు ఆడవాళ్ళు ప్రచురించారు. వాళ్ళ తప్పేం లేదు. వాళ్ళ ముందున్న రోగులు వెన్న రాసుకునేవాళ్ళే. చిన్నది, నిమిషాల్లో అయిపోతుంది, అందుకే ప్రపంచమంతా పాకింది. చేతి పనితనానికి 1969లో వచ్చిన జెబ్సన్ పరీక్ష ఉంది. అందులో తినడం అంటే చెంచాతో రాజ్మా గింజలు తీసి డబ్బాలో వేయడం, ఎన్ని సెకన్లు పట్టిందో చూడటం. మన తిండి అలా ఉండదు. వేడన్నంలో వేళ్ళు పెట్టాలి, వేడి తట్టుకోవాలి, పప్పు మెదపాలి, జారిపోకుండా ముద్ద చేయాలి, బొటనవేలితో నోట్లోకి నెట్టాలి. చారన్నం ఒక లెక్క, ఆవకాయన్నం ఒక లెక్క, చేపముల్లు తీయడం ఇంకో లెక్క.

సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తా. కోడ్‌లో తప్పు లేదు. టెస్ట్ కేసు రాసినవాడు మన యూజర్‌ని చూడలేదు. అందుకే రిజల్ట్ రెండుసార్లూ ఒకటే వచ్చింది.

టెస్ట్ కేసు మార్చడం తేలిక అనుకోకండి. "వెన్న" కొట్టేసి "పప్పు" అని రాస్తే సరిపోదు. వందల మంది మీద చూడాలి. ఇద్దరు థెరపిస్టులు విడివిడిగా చూస్తే ఒకే మార్కు రావాలి. రోగి నిజంగా బాగుపడితే మార్కు పెరగాలి, లేకపోతే పెరగకూడదు. ఈ పని ఇంతకు ముందు జరిగింది కూడా. 1990ల్లో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో, చదువురాని వృద్ధులకి సరిపడేలా రోజువారీ పనుల కొలత ఒకటి తయారుచేశారు. మతిమరుపు జబ్బు పట్టుకోవడానికి. చెక్కులు రాయడం, కారు నడపడం లాంటి పడమటి ప్రశ్నలు ఆ ఊళ్ళలో పనికిరావని తెలిసే చేశారు. ఆ పని చేయడానికి పట్టే శిక్షణ పేరే పరిశోధన. ఆ శిక్షణకి ఇచ్చే పట్టా పేరే డాక్టరేట్.

బీఓటీ చదివినప్పుడు మా చెల్లి తాతయ్య పీట తిప్పగలిగింది. ఎంఓటీతో ఇంకా నేర్పుగా తిప్పగలదు. కానీ ఆ 5ని మార్చడం ఆ రెంటితో రాదు.

బాబాయికి ఏం చెప్పానంటే

పిన్నితో ముందే చెప్పేశా. "పిన్నీ, డాక్టర్ అని పిలిపించుకోవడానికైతే వద్దు. ఆ గొడవ అమెరికాలోనే తేల్లేదు." బాబాయికి లెక్క చెప్పా. అమెరికా ఓటీడీకి పెద్ద అప్పు, చేసినా చివరికి పరీక్ష, లైసెన్స్ దారి అందరిలాగే. అక్కడ స్థిరపడి రోగులతో పనిచేయాలనుకుంటే దానికో అర్థం ఉంది. మా చెల్లి ప్రశ్న అది కాదు. దాని ప్రశ్నకి పీహెచ్‌డీ కావాలి. ఇక్కడైనా బయటైనా, ఎక్కువ ఏళ్ళు, తక్కువ డబ్బులు. బయట చాలాచోట్ల స్టైపెండ్ ఇస్తారు, ఇక్కడా ఫెలోషిప్‌లు ఉన్నాయి, కానీ ఉద్యోగం జీతం రాదు. పెళ్ళి మాటలు ఆగుతాయి, అది కూడా దాచకుండా చెప్పా. 2021లో జాతీయ అలైడ్ హెల్త్‌కేర్ చట్టం వచ్చాక ఈ వృత్తికి చట్టంలో చోటు దొరికింది, కాబట్టి ముందు ముందు చదువు చెప్పేవాళ్ళు కూడా కావాలి. ఇంతే, ఇంతకు మించి హామీ నేనివ్వలేనని చెప్పా.

బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత దాన్ని అడిగాడు, "మా నాన్నకి నువ్వైతే ఎన్ని మార్కులేస్తావే?"

అది వెంటనే చెప్పలేదు. "తెలీదు నాన్నా. తాతయ్య ఒక్కడి మీద చూస్తే చెప్పలేం. అందుకే చదువుతానంటున్నా" అంది.

ఒప్పుకున్నాడా అంటే, పూర్తిగా ఒప్పుకోలేదు. ఒక ఏడాది ఉద్యోగం చేస్తూ అప్లికేషన్లు పెట్టుకోమన్నాడు. అది ఆదివారాలు మా చుట్టుపక్కల ఊళ్ళలో పక్షవాతం వచ్చినవాళ్ళ ఇళ్ళకి, వాళ్ళ అనుమతి అడిగి, భోజనం వేళకి వెళ్తోంది. ఏం కలుపుతున్నారు, ఎక్కడ ఆగుతున్నారు, ఎవరు సాయం చేస్తున్నారు అని నోటుబుక్కులో రాసుకుంటోంది. మొన్న నేనూ బండి మీద దింపడానికి వెళ్ళా. ఆ ఇంట్లో పెద్దాయన దాన్ని అడిగిన మొదటి మాట, "భోంచేశావా అమ్మా?" అని. ఇద్దరికీ పక్కపక్కనే పీటలేశారు.

ఇవాళ్టికి ఇదండి. మీ ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వచ్చుంటే, ఏ పని మళ్ళీ చేతికి రావాలని వాళ్ళు ఎక్కువగా కోరుకున్నారో కింద రాయండి. పేర్లొద్దు, పని ఒక్కటి చాలు. అన్నీ మా చెల్లి చేత చదివిస్తా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.